ల్యాప్‌టాప్ పక్కన సాక్సోఫోన్ ఏంటి?

ప్రశ్న: డీజే అంటే ప్లే బటన్ నొక్కి చేతులు ఊపడమే కదండీ, మరి బిగ్ జైగాంటిక్ అనే అమెరికా వాళ్ళ వీడియోలో ఒకాయన సాక్సోఫోన్ ఊదుతున్నాడు, ఇంకొకాయన డ్రమ్స్ దంచుతున్నాడు. అది నిజంగా లైవేనా?
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: లైవేనండీ బాబూ! కొలరాడోలోని బౌల్డర్ నుంచి వచ్చిన జోడీ అది, సాక్స్ డామినిక్ లాలీ, డ్రమ్స్ జెరెమీ సాల్కెన్. లాలీ ఏదో సరదాకి ఊదేవాడు కాదు, మన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో జాజ్ చదువుకున్నాడు. ఇలాంటి షోల్లో మామూలుగా బేస్ (ఆ లోతైన ధుమ్ ధుమ్ మోత), సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్ శబ్దాలు) ల్యాప్‌టాప్ నుంచి వస్తాయి, డ్రమ్మర్ చెవిలో మాత్రం టిక్ టిక్ మని తాళం చెప్పే క్లిక్ వినిపిస్తూ ఉంటుంది, దాన్ని పట్టుకునే వాయించాలి, కాస్త జారాడా మొత్తం గోలైపోతుంది. దాని పైన సాక్స్ మాత్రం ఆ రోజు మూడ్‌ని బట్టి ఎటైనా పోవచ్చు, జాజ్ మజా అంతా అక్కడే.

ఇంకో పిచ్చి పని చెప్తా. ప్రెటీ లైట్స్ పేరుతో ఎలక్ట్రానిక్ సంగీతం చేసే డెరెక్ విన్సెంట్ స్మిత్ ముందు పాత ఫంక్, సోల్ (అమెరికా నల్లజాతి సంగీతం) రికార్డుల్లోంచి పాట ముక్కలు కోసి హిప్-హాప్ బీట్ల మీద పెట్టేవాడు. 2013 ఆల్బమ్ 'ఎ కలర్ మ్యాప్ ఆఫ్ ది సన్'కి మాత్రం మ్యుజీషియన్లని కూర్చోబెట్టి వాయింపించి, దాన్ని వినైల్ (గ్రామఫోన్ ప్లేటు లాంటిది) మీదకి ఎక్కించి, మళ్ళీ దాన్నే పాత రికార్డులా కోసుకున్నాడు! వినైల్ గరగర కోసం అంత తిప్పలేంటి అంటారా, హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఫోన్ స్పీకర్‌లో వద్దు, బేస్ అసలు వినపడదు.