బొంత కట్టిన గదిలో బొబ్బిలి వీణ

నేను విజయనగరం తోటపాలెంలో ఉంటాను. అంతకుముందు 14 ఏళ్లు అమెరికాలో, మినియాపొలిస్‌లో, ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేశాను. పగలు రక్తపరీక్షలు, రాత్రి వీణ. వాయించింది ఇంట్లోనే రికార్డు చేసుకుని ఊళ్లో ఉన్న మా టీచరుగారికి పంపేదాన్ని. కచేరీలు చేసినదాన్ని కాను. ఇంట్లో రికార్డింగ్ గురించి, వాయిద్యాల గురించి అడుగుతూ ఈ శీర్షికకి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వేరే దేశాల్లో ఉన్న మన జిల్లాల పిల్లలవి, వాళ్ల పెద్దవాళ్లవి. నాలుగు తీసుకున్నాను.

అక్కా, మాది చీపురుపల్లి. ఏడాదిగా డబ్లిన్‌లో ఉంటున్నాను. వచ్చేటప్పుడు బొబ్బిలి వీణ తెచ్చుకున్నాను. ఫోన్‌లో రికార్డు చేస్తే రేకు డబ్బా మీద కొట్టినట్టు వస్తోంది. మంచి మైక్ కొనమని ఇక్కడి స్నేహితులు అంటున్నారు. ముప్పై వేల రూపాయల దాకా పెట్టగలను. ఏది కొనమంటారు? గుర్రానికి, అంటే తీగలు ఆనే వంతెన లాంటి చెక్కకి, అంటించి అదురును పట్టే పికప్ సంగతి కూడా చెప్పండి.

తమ్ముడూ, ఇప్పుడే మైక్ కొనకు. నువ్వు కూర్చునే గది చూడు.

నేను వెళ్లిన మొదటి చలికాలంలోనే 300 డాలర్లు పెట్టి కండెన్సర్ మైక్, అంటే సన్నటి చప్పుడు కూడా పట్టే రకం, కొన్నాను. అప్పటి నా జీతానికి అది పెద్ద మొత్తం. మొదటి రికార్డింగ్ విన్న రాత్రి నాకు ఏడుపొచ్చింది. వీణ కంటే హీటర్ గాలి హోరు, వంటింట్లో ఫ్రిజ్ మోత, ఎదురుగోడకి కొట్టుకుని తిరిగొచ్చిన మీటు చప్పుడు బాగా వినిపించాయి. మైక్ మంచిదే. గదిలో ఏముందో అదంతా పట్టింది.

అక్కడి అద్దె ఇళ్లలో చెక్క నేల, ఖాళీ గోడలు. మనం నేల మీద కూర్చుని వాయిస్తాం. కుండ, అంటే వీణకి చివర ఉండే గుండ్రటి బోలు భాగం, కూడా నేలకే ఆనుకుని ఉంటుంది. వచ్చిన నాదం వెంటనే నేలకి తగిలి పైకి లేస్తుంది, గోడకి తగిలి వెనక్కి వస్తుంది. ఈ రెండూ అసలు నాదంతో కలిస్తే నువ్వన్న రేకు డబ్బా చప్పుడు పుడుతుంది. చలికి కప్పుకోమని మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు రెండు నా పెట్టెలో పెట్టింది. ఒకటి నేల మీద పరిచి దాని మీద కూర్చున్నాను. రెండోదాన్ని వెనక గోడకి అతికించినట్టు కాకుండా జానెడు ఎడంగా, తాడు మీద వేలాడదీశాను. ఆ ఎడం ఉండాలి. గోడకీ బొంతకీ మధ్య గాలి ఉంటే ఇంకొంచెం కింది స్థాయి శబ్దాన్ని కూడా అది పీల్చుకుంటుంది. ఆ రాత్రి అదే మైక్‌తో రికార్డు చేస్తే మంద్రం తీగ (కింది స్థాయి తీగ) మంద్రంలా వినిపించింది.

బాగా కిందిస్థాయి హోరు మాత్రం బొంతతో పోదు. అది గది మూలల్లో పోగవుతుంది. అందుకని మూలలో కూర్చోకు, గదికి సరిగ్గా నడుమ కూడా వద్దు. వీణ పట్టుకుని నాలుగు చోట్ల కూర్చుని ఒక్క షడ్జమం మీటి విను. ఎక్కడ మోత లేకుండా నిండుగా వినిపిస్తే అక్కడ బొంత పరుచు. దీనికి ఒక సాయంత్రం పడుతుంది. ఆ ఒక్క సాయంత్రం పోతుందని చూడకు.

ఇంత చేసి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రెండు మూరల దూరంలో ఉంచి మళ్లీ రికార్డు చెయ్యి. దాన్ని వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపు. వాయిస్ మెసేజ్‌గా పెడితే అది నాదాన్ని నొక్కేస్తుంది. అప్పటికీ ఫోన్ చాలదనిపిస్తే అప్పుడు కొందువుగాని: రెండు ఇన్‌పుట్‌లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైక్‌ను కంప్యూటర్‌కి కలిపే చిన్న పెట్టె) ఒకటి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ లాంటిది. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ వైరులోంచే మైక్‌కి అందే కరెంటు) ఉందో లేదో చూసుకో, అది లేకపోతే మామూలు కండెన్సర్ మైక్ పనిచెయ్యదు. చిన్న డయాఫ్రమ్ (శబ్దానికి అదిరే పొర) ఉన్న కండెన్సర్ మైక్ ఒకటి చాలు. పొట్టి స్టాండు, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ ఉండాలి. సెకండ్ హ్యాండ్‌వి తీసుకోవడానికి వెనకాడకు. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు అక్కర్లేదు, ఆడాసిటీ ఉచితంగా వస్తుంది.

మైక్‌ను కుండకి మూరెడు దూరంలో, కొంచెం పైనుంచి, గుర్రానికీ, వేలితో తీగ నొక్కే కడ్డీల్లో (మెట్లలో) చివరిదానికీ మధ్యకి చూసేలా పెట్టు. మరీ దగ్గరికి తెస్తే గోటి చప్పుడు, వేలు తీగ మీద జారే చప్పుడు పెద్దవవుతాయి. నేను మొదట్లో మైక్‌ను పాట పలికే సారణి తీగకి కాక, పక్కన తాళానికి మీటే తీగలకి దగ్గరగా పెట్టి రికార్డు చేసి పంపితే మా టీచరుగారు ఫోన్ చేసి, “ఏటమ్మా, తాళం తీగలే మోగుతన్నాయి, సారణి ఏదీ?” అన్నారు. ఆమెకి మైకుల సంగతి తెలియదు. వీణ ఎలా వినిపించాలో తెలుసు. మైక్ బెత్తెడు జరిపితే సారణి ముందుకొచ్చింది. అందుకే నీ రికార్డింగ్‌ను ముందు నీకు చెప్పిన గురువుగారికి వినిపించు.

అన్నిటికంటే గట్టిగా పడిన మీటు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే తగ్గించే మీట) పెట్టు. 24 బిట్‌లో రికార్డు చేస్తే తక్కువగా ఉన్నా తర్వాత పెంచుకోవచ్చు. ఎర్రలైటు తాకి చితికిపోయిన మీటును మాత్రం ఎవరూ బాగు చెయ్యలేరు. సన్నగా జుమ్మని హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడుపు. చాలాసార్లు అంతటితో పోతుంది. రికార్డు చేసేటప్పుడు ఫ్రిజ్ ఆపు. ఆపినప్పుడు ఇంటి తాళాలు ఫ్రిజ్‌లోనే పెట్టు, బయటికి వెళ్లేలోగా మళ్లీ ఆన్ చెయ్యడం గుర్తొస్తుంది. ఇది చదివే ఆడపిల్లలకి ఒక మాట: గాజులు తీసి కూర్చోండి, పట్టుచీర వద్దు. గాజు వీణ దండికి తగిలిన చప్పుడు ఏ సాఫ్ట్‌వేరూ చక్కగా తీయలేదు.

గుర్రానికి అంటించే పికప్ గురించి కూడా అడిగావు. స్టేజీ మీద అది అవసరమే. ఇంట్లో నాకు నచ్చలేదు. చెక్క అదురు పడుతుంది గానీ కుండలోంచి గాలిలోకి వచ్చే నాదం పడదు. మీటు టక్కుమంటుంది.

ఇంకొకటి. నేను ఒక్క కీర్తనని ముప్పైసార్లు రికార్డు చేసి, బాగున్న ముక్కలు ఏరి అతికించిన రాత్రులున్నాయి. వీణలో ముందు మీటు ఇంకా మోగుతుండగానే తర్వాతిది పడుతుంది. అందుకని కోసిన చోట ఆ మోత తెగిపోతుంది, చెవికి తెలిసిపోతుంది. మన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పి, 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు గ్రామఫోన్ ప్లేట్లు ఇచ్చిన కాలంలో ఒక పక్కకి మూడు, మూడున్నర నిమిషాలే పట్టేది. మధ్యలో ఏదైనా జరిగితే మొదటి నుంచి మళ్లీ వాయించాల్సిందే. నువ్వూ పల్లవి నుంచి చివరిదాకా ఒక్క ఊపులో మూడుసార్లు వాయించి, మూడింటిలో ఒకటి ఉంచుకో.

నమస్కారం అమ్మా. మాది రాజాం. మా అమ్మాయి డాలస్‌లో ఉంది. వాళ్ల నాయనమ్మగారి పాత వీణ పంపమంటోంది. దాని మీద తెల్లటి నగిషీ ఉంది. విమానంలో పంపొచ్చా? పాడవకుండా ఎలా కట్టాలి?

అమ్మా, ముందు ఆ తెల్లటి నగిషీ ఏమిటో తేల్చుకోండి. పాత వీణల మీద ఏనుగు దంతం, జింక కొమ్ము వాడేవారు. ఆ రెండింటినీ మన దేశం దాటించకూడదు, దంతమైతే అమెరికా కస్టమ్స్ వాళ్లు కూడా పట్టుకుంటారు. ప్లాస్టిక్ అయితే భయం లేదు. బొబ్బిలి పక్కనే గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లకి చూపించండి, చెబుతారు. దంతమో కొమ్మో అని తేలితే ఆ వీణ మీ ఇంట్లోనే ఉండనివ్వండి. అమ్మాయి వచ్చినప్పుడు దాని మీదే వాయిస్తుంది. అక్కడికి గొల్లపల్లిలోనే పనస మానుతో ఇంకొకటి చేయించండి.

పంపేటట్టయితే కింది బుర్రను మర తిప్పి ఊడదీసి, విడిగా బట్టల్లో చుట్టండి. తీగలు పూర్తిగా విప్పేయకండి. తీగ బిగించే బిరడాలు తిప్పి బాగా వదులు చేసి, గుర్రం కింద మెత్తటి గుడ్డ పెట్టండి. గట్టి పెట్టె ఉండాలి, లోపల వీణ కదలకూడదు. చాలా విమానాల్లో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే అదనంగా కట్టించుకుంటారు. వీణ పెట్టె ఎలాగూ దాటుతుంది. టికెట్ కొనేముందే ఫోన్ చేసి అడగండి.

అసలు దిగులు మైనం గురించి. మన వీణకి మెట్లు మైనం మీద నిలబడతాయి కదా. నా వీణ మొదటిసారి వెళ్లినప్పుడు పెట్టె తెరిచేసరికి మూడు మెట్లు పక్కకి ఒరిగి ఉన్నాయి. అక్కడ మేళం కట్టేవాళ్లు, అంటే మైనంలో మెట్లు సరిగ్గా నిలబెట్టేవాళ్లు, దొరకలేదు. ఆర్నెల్లు తప్పు స్వరాల మీదే వాయించాను. తర్వాత సెలవుకి వచ్చినప్పుడు గొల్లపల్లి వెళ్లి, రెండు రోజులు పక్కన కూర్చుని, మైనం ఎలా వేడి చెయ్యాలో, చెవితో మెట్టు ఎక్కడ నిలపాలో నేర్చుకున్నాను. ఒక మైనం ముద్ద కూడా తెచ్చుకున్నాను. మీ అమ్మాయికి వీణతో పాటు అలాంటి ముద్ద ఒకటి తప్పకుండా పంపండి. డాలస్ ఎండలో వీణను కారులో వదిలిపెట్టొద్దని చెప్పండి, అద్దాలు మూసిన కారులో మైనం మెత్తబడుతుంది.

చలికాలంలో హీటర్ వేసిన ఇల్లు బాగా పొడిగా ఉంటుంది. మా ఇంట్లో ఒక జనవరిలో కుండ అంచున వెంట్రుకంత పగులు వచ్చింది. అప్పటినుంచి గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టుకుని, గాలిలో తేమ పెంచే హ్యూమిడిఫైయర్‌తో 45 నుంచి 55 శాతం మధ్య ఉంచేదాన్ని. పగులు పెరగలేదు. ఇక్కడి వోల్టేజీకి మాత్రమే చేసిన కరెంటు తంబురా పంపకండి. అక్కడ 120 వోల్టులే, అది సరిగ్గా నడవదు. ఫోన్‌లో తంబురా యాప్ సరిపోతుంది.

మేడం, మాది నెల్లిమర్ల. నేను మృదంగం వాయిస్తాను. నా స్నేహితుడు షికాగోలో వయొలిన్. వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామంటే తాళం తప్పుతోంది. మంచి నెట్ తీసుకుంటే కుదురుతుందా?

కుదరదు బాబూ. అది నెట్ తప్పు కాదు, దూరం. ఒకరి శబ్దం ఇంకొకరికి చేరడానికి సుమారు 25, 30 మిల్లీసెకన్లు దాటితే తాళం లాగడం మొదలవుతుంది. ఒకే హాల్లో పది మీటర్ల దూరంలో కూర్చున్నా గాలిలో శబ్దానికి దాదాపు అంత సమయం పడుతుంది. షికాగోకి వెళ్లి రావడానికి వెలుతురు వేగంతో కేబుల్లో పరిగెత్తినా వంద మిల్లీసెకన్లు దాటిపోతుంది. నువ్వు వేసిన సమం (తాళం మొదటి దెబ్బ) అతను వినేసరికి అతను ముందుకెళ్లిపోయి ఉంటాడు.

నేను అమెరికాలో ఉన్నప్పుడు నేనూ, ఇక్కడి మృదంగం ఆయనా చేసిన పద్ధతి చెబుతాను. ముందు శ్రుతి, కాలప్రమాణం ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం. నేను హెడ్‌ఫోన్‌లో తంబురా పెట్టుకుని, మొదట ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) చేత్తో తాళం వేసి, ఆగకుండా కీర్తన వాయించి ఫైల్ పంపేదాన్ని. నాకు రాత్రి తొమ్మిదైతే ఎండాకాలంలో ఇక్కడ ఉదయం ఏడున్నర. ఆయన కాఫీ తాగి, నా వీణ హెడ్‌ఫోన్‌లో వింటూ మృదంగం రికార్డు చేసి పంపేవారు. మొదట్లో వేసిన తాళం చప్పుడును పట్టుకుని రెండు ఫైళ్లు కలిపేదాన్ని. రెండోసారి ఆయన మృదంగం వింటూ నేను మళ్లీ వాయించేదాన్ని. ఈ రెండోసారిది వదలకండి. మొదటిదాంట్లో ఆయన నన్ను అనుసరిస్తారు. రెండోదాంట్లో ఆయన వేసిన మోహరాకి (ముగింపుకి తీసుకెళ్లే దెబ్బల వరసకి) నేను జవాబిస్తాను.

అమ్మా, నేను నరసన్నపేటలో రిటైరైన టీచర్ని. మా నాన్నగారు హార్మోనియం పెట్టుకుని పాడిన క్యాసెట్లు పదకొండు ఉన్నాయి. తొంభైల్లో రికార్డు చేసినవి. మా అబ్బాయి మెల్‌బోర్న్ నుంచి వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించమంటున్నాడు. మార్గం చెప్పండి.

మాస్టారూ, ఈ ఏడాదే మొదలుపెట్టండి. ఆలస్యం చెయ్యకండి.

ముందుగా ప్రతి క్యాసెట్టు పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచెయ్యండి. అవి లేకపోతే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరగదు. టేప్‌రికార్డర్ హెడ్‌ను (టేపు ఆనుకుని వెళ్లే లోహపు ముక్కను) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అంటుకుని ఉంటాయి, కాబట్టి వినేముందు ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తీసుకురండి. టేప్‌రికార్డర్ లైన్ అవుట్ (శబ్దం బయటికి ఇచ్చే రంధ్రం) నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి (లోపలికి తీసుకునే రంధ్రానికి) వైరు కలపండి. స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చెయ్యకండి, దయచేసి. వేవ్ (WAV) ఫైల్‌గా, అంటే నాదాన్ని నొక్కకుండా, దాచండి. 90 నిమిషాల క్యాసెట్టు సుమారు 900 ఎంబీ అవుతుంది. అది ఇప్పుడు పెద్ద లెక్క కాదు. రెండు చోట్ల దాచి, ఒకటి అబ్బాయికి పంపండి.

పాత మోటారు వేగం తేడాగా ఉంటే నాన్నగారి గొంతు సన్నగానో బొంగురుగానో వినిపిస్తుంది. ఆ హార్మోనియం ఇంకా మీ ఇంట్లో ఉంటే ఆయన ఏ మెట్టు మీద పాడేవారో నొక్కి చూడండి. దానికి సరిపోయేదాకా ఆడాసిటీలో వేగం మార్చండి. స్థాయి ఒక్కటే మార్చే మీట కాదు, వేగం మార్చేదే వాడాలి. అప్పుడు ఆయన గొంతు ఆయన గొంతులా వస్తుంది. బుస్సుమనే టేపు చప్పుడు కొంచెం తగ్గించండి. పూర్తిగా తీసెయ్యబోతే మనిషి నీళ్లలోంచి పాడుతున్నట్టుంటుంది. మార్చని అసలు ఫైల్ అలాగే ఉంచండి.

పాటకీ పాటకీ మధ్య మీ అమ్మగారు కాఫీ ఇమ్మంటారా అని అడగడం ఉందని రాశారు. వీధిలో సైకిల్ బెల్లు కూడా వినిపిస్తుందన్నారు. పైన నేను ఫ్రిజ్ ఆపమన్నాను, గాజులు తీయమన్నాను. అవన్నీ కొత్తగా రికార్డు చేసేవాళ్లకి. మీ క్యాసెట్లలో అమ్మగారి మాట దగ్గర కత్తెర పెట్టకండి. ఆ ఫైల్ పేరులో నాన్నగారి పాటతో పాటు ఆమె పేరు కూడా రాయండి.