ఆడ ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు

తమ్ముడా,

టికెట్లు బుక్కయినాయని, ఏప్రిల్లో అమెరికా పోయి సెప్టెంబరు దాకా అమ్మాయి దగ్గరే ఉంటారని మీ వదిన చెప్పింది, సంతోషం. అల్లుడు శనివారం వస్తే చాలు కొండల మీదికి హైకింగ్ పోతాడంట, మిమ్మల్ని కూడా తీసకపోతా అన్నాడంట, నువ్వేమో నడకే కదా, రోజూ ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ఆరు రౌండ్లు కొడతా ఉండా అన్నావంట. అందుకే ఈ లెటర్ రాస్తా ఉండా. ఫోన్లో చెప్తే సగం వినవు, మధ్యలో క్రికెట్ స్కోర్ చెప్తావు.

స్టేడియం చదునురా. నేను కూడా అట్నే అనుకుని పోయినా మొదటిసారి.

కాలిఫోర్నియాలో మా వాడుండే సన్నీవేల్ ఊరి నుంచి గంటలోపే స్కైలైన్ బులవార్డ్ అని రోడ్డు, 35వ నంబర్ హైవే. ఆ రోడ్డు కొండల వరస నెత్తిమీదనే పోతుంది, దాని పొడుగునా పార్కులు ఉండాయి, వాటిని ప్రిజర్వులు అంటారు, 1972లో జనం ఓట్లేసి పెట్టుకున్న ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్ ఒకటి వాటిని చూసుకుంటుంది, టికెట్ లేదు, గుడి లేదు, కొబ్బరికాయల అంగడి లేదు, టీ కొట్టు అసలే లేదు. కారు పార్కింగ్ పైనే, కొండ మీదే. ఇక్కడే ఉంది తిరకాసంతా. మన ఉదయగిరి దుర్గం ఎక్కేటప్పుడు ఏం చేస్తాం, పొద్దున్నే కాళ్ళలో బలం ఉండగా ఎక్కుతాం, అలిసిపోయినాక దిగుతాం. తిరుమల మెట్లు కూడా అంతే. ఆడ తిరగేసి ఉంటుంది వ్యవహారం. కారు దిగంగానే దారి కిందికి పోతుంది, చల్లగా ఉంటుంది, చెట్ల నీడ, ఆయాసం రాదు, ఆహా ఎంత హాయి అని దిగతానే ఉంటాం, అలిసిపోయినాక మొదలవుతుంది ఎక్కుడు.

పురిసీమా క్రీక్ అని రెడ్‌వుడ్ చెట్ల లోయ ఉంది, ఆడ నాకు ఇట్నే అయింది. మా వాడు ఇంకొంచెం నాన్నా, వాగు దాకా పోదాం అన్నాడు, నేను సరే అన్నా, వాగు దాకా పోయి చేతులు కడుక్కుని పైకి చూస్తే గుండె జారింది. వెయ్యి అడుగుల పైనే దిగేసినాం తెలీకుండా. దిగటానికి గంటంబావు పట్టింది, ఎక్కటానికి మూడు గంటలు. మీ వదిన వంద గజాలకొకసారి గోవిందా అని కూలబడేది, నీళ్ళు సగం దారిలోనే అయిపోయినాయి, పోయే దారిన ఒకామె ఆగి తన బాటిల్ ఇచ్చి పోయింది. మా వాడి మొహం చూడాలి అప్పుడు, నల్లగా అయిపోయింది పాపం. తప్పు వాడిది కాదులే, నేనన్నా వాచీ చూసుకోవాల్సింది. దిగిన టైముకి డబల్ పెట్టుకో ఎక్కటానికి. మూడు గంటలు నడుద్దాం అనుకుంటే గంట దిగంగానే వెనక్కి తిరిగెయ్, అల్లుడు ఏమనుకుంటాడో అని మొహమాటపడబాక.

మొదటి రోజు మాత్రం విండీ హిల్‌కి తీసకపొమ్మని చెప్పు. పేరుకి తగ్గట్టు గాలికొండే, సుమారు 1,900 అడుగులు, గడ్డి తప్ప పెద్ద చెట్లు ఉండవు నెత్తిన. స్కైలైన్ రోడ్డు పక్క పార్కింగ్ నుంచి ఆనివర్సరీ ట్రెయిల్ అని చిన్న దారి, మైలు కూడా లేదు, నిదానంగా పోయినా అరగంటలో పైకి చేరతారు. పైన నిలబడితే తూర్పున కింద ఊళ్ళు, వాటి అవతల శాన్‌ఫ్రాన్సిస్కో బే నీళ్ళు, పడమటికి తిరిగితే కొండలు మడతలు మడతలుగా దిగి దిగి చివర పసిఫిక్. మనం మైపాడులో సూర్యుడు సముద్రంలోంచి లేవటం చూస్తూ పెరిగినోళ్ళం కదా, ఆడ సాయంత్రం సూర్యుడు సముద్రంలోకి దిగతా ఉంటే ఏదో తలకిందులుగా నిలబడినట్టు ఉంటుందిరా, నేనైతే కాసేపు దిక్కులు తప్పినట్టు అయినా, అది తూర్పు కాదా అని మా వాణ్ణి అడిగా కూడా, నవ్వాడు. కాకపోతే ఆ పార్కులన్నీ సూర్యుడు పోయిన అరగంటకి మూసేస్తారు, సూర్యాస్తమయం చూస్తా కూర్చోవాలంటే కారు దగ్గర్లోనే ఉండాలి.

ఒక సంగతి, జూన్ జూలైలో సముద్రం కనపడలేదని అల్లుడి మీద విసుక్కోబాక. ఎండాకాలంలో ఆడ సముద్రం మీంచి పొగమంచు వస్తుంది, పొద్దుటిపూట అంతా తెల్లగా దూదిపరుపు పరిచినట్టు ఉంటుంది కింద, ఒక్కోసారి మనం దాని పైనుంటాం, అదీ చూడాల్సిందే. ఒక్కోసారి మనం దాని లోపలుంటాం, అప్పుడు మాత్రం ఏమీ కనపడదు, చలి ఒకటి మిగుల్తుంది. నెల్లూరు ఎండల్లో పెరిగినోళ్ళకి జూలైలో స్వెట్టరా అనిపిస్తుంది, తీసకపో. మంకీ క్యాప్ కూడా. నా మంకీ క్యాప్ చూసి మనవరాలు నవ్వింది, పైకి పోయినాక అదే అడిగి పెట్టుకునింది.

మీరు పోయేది ఏప్రిల్లో కాబట్టి మొదటి నెలలోనే రష్యన్ రిడ్జ్ చూసెయ్యండి, ఎండలు ముదిరితే గడ్డి ఎండిపోయి కొండంతా గోధుమరంగు అయిపోతుంది. ఏప్రిల్లో అయితే పచ్చటి కొండ మీద నారింజ రంగు పాపీ పూలు, ఊదారంగు లూపిన్ పూలు, బోరెల్ హిల్ అని 2,572 అడుగుల గుట్ట ఆడ. మరదలికి మాత్రం ముందే చెప్పు, పూలు తెంపకూడదు, ఒక్కటి కూడా. మీ వదిన పూజకి అని కొంగు పట్టింది, నేను చెయ్యి పట్టుకుని ఆపా. కిందపడిన పూవు కూడా ముట్టుకోరాదంటే ఇదేం ఊరు అని కారులో ఇంటిదాకా సణిగింది.

ఇప్పుడు అసలు భయపడాల్సింది చెప్తా. కొండచిరుతల బోర్డులు పెట్టుంటారు, అవి చూసి బెదిరిపోబాక, కనపడితే పరిగెత్తకుండా చేతులు పైకెత్తి గట్టిగా అరవాలంట, మూడు ట్రిప్పుల్లో నాకు తోక కూడా కనపడలా. గిలక పాములు ఉంటాయి, దారి మీదనే నడిస్తే చాలు. కానీ పాయిజన్ ఓక్ అని ఒక మొక్క ఉంది, అది మాత్రం అడుగడుక్కీ. ఒక కాడకి మూడు ఆకులు, కొత్తవి నిగనిగలాడతా ఎర్రఛాయలో ఉంటాయి, తర్వాత పచ్చబడి, చలికాలం నాటికి ఆకురాలి వట్టి పుల్లల్లాగా నిలబడతాయి, ఆ పుల్లలు తాకినా అంతే. మన నల్లజీడి తెలుసు కదా, బట్టల మీద గుర్తు పెడతారే, దాని రసం పడితే ఒళ్ళు ఎట్లా పొక్కిపోతుందో అదే రకం. జీడిమామిడి, మామిడి, ఇది అన్నీ ఒకే కుటుంబమంట. తాకిన వెంటనే ఏమీ ఉండదు, అదే మోసం, ఒకటి రెండు రోజులకి లేస్తాయి దద్దుర్లు. నాకు ఎడమ మోచెయ్యి దగ్గర లేచింది, రెండు వారాలు గోకుడు. ఇంకా విను, ఆ జిడ్డు ప్యాంటుకీ బూట్లకీ కూడా అంటుకుని ఉంటుంది, ఇంటికొచ్చి అదే ప్యాంటుతో సోఫాలో కూర్చుంటే ఇంటిల్లిపాదికీ పంచినట్టే. వచ్చీ రాంగానే బట్టలు మిషన్లో వేసెయ్, సబ్బేసి చన్నీళ్ళతో కడుక్కో. అప్పుడే ఒంటిమీద పిడుదులు ఉన్నాయేమో చూసుకో, గొడ్లకి పట్టేవే, ఆడ మనుషుల్నీ పడతాయి, జబ్బులు తెస్తాయి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, ప్యాంటు. పంచె వద్దురా బాబూ.

బూట్లు మన ట్రంకు రోడ్డులోనే ఇప్పుడే కొను, నెలరోజులు తొడిగి నడువు, కొత్త బూట్లతో కొండెక్కితే బొబ్బలే. ఆదివారం ఆదివారం నరసింహకొండకి పోయి మెట్లు ఎక్కి దిగు, దిగేటప్పుడు మోకాలు ఏమంటుందో విను.

తిండి సంగతి మరదలికి నేను చెప్పక్కర్లా. ఇడ్లీ కారప్పొడి, చిత్రాన్నం, కాస్త ఊరుబిండి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. విండీ హిల్ దగ్గర బల్లలు ఉంటాయి కూర్చుని తినటానికి. నారింజ తొక్క కూడా సంచిలో వేసుకుని ఇంటికి తేవాల్సిందే. ఎక్కే ఘాట్ రోడ్డు మెలికలు ఎక్కువ, మరదలికి బస్సులోనే తిప్పుతుంది కదా, ముందు సీటు ఇవ్వండి, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి. లోపల ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల రాదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసిపెట్టమను, అల్లుడు ముందు పోయి మీరు వెనక పడితే మలుపుల దగ్గర ఆగమను. ఎదురొచ్చేవాళ్ళు అందరూ హలో అంటారు, తెలిసినోళ్ళేమో అనుకుని ఆగిపోబాక, నువ్వూ హలో అని నడువు.

మోకాళ్ళు బాలేని రోజు పురిసీమాలోనే రెడ్‌వుడ్ ట్రెయిల్ అని పావు మైలు దారి ఉంది, వీల్‌చైర్ కూడా పోతుంది. మెడ విరిగేట్టు పైకి చూడాలి ఆ చెట్లని. తడి రోజయితే కింద కూడా చూడు, బనానా స్లగ్ అని మన జానెడు పొడుగు, పండిన అరటిపండు రంగు, ఆకుల మీద జిగురు గీత గీసుకుంటా పోతుంటుంది. కొమ్ములు బయటికి తీసి, మనం వంగంగానే లోపలికి లాక్కుంటుంది. నేను దాని దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నా, మీ వదినకి కడుపులో తిప్పింది.

నా చేతికర్ర మా వాడి కారు డిక్కీలో ఉంది, తీసుకో. దాని అడుగున రబ్బరు అరిగిపోయింది, ఇక్కడ్నుంచి ఒకటి కొనుక్కుపో, ఆడ డాలర్లు పోసి కొనబాక.

మీ అన్న