రైల్లో జోకులు విని తమ్ముడు మాత్ర మానేశాడు... వాళ్లను నిలదీసి ఉండాల్సిందా?

ప్రశ్న: నా వయసు 34. మాది గుంటూరు. మా తమ్ముడికి 26 ఏళ్లు. ఐదేళ్లుగా స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నాడు. ఏడాదిన్నరగా బాగున్నాడు, ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. పది రోజుల క్రితం ఇద్దరం రైల్లో సికింద్రాబాద్ వెళ్లాం. ఎదురు సీట్లలో నలుగురు కుర్రాళ్లు తమలో ఒకడిని ఆటపట్టిస్తూ ‘వీణ్ని ఎర్రగడ్డలో దించేసి పోదాం’, ‘నాలుగు కరెంటు షాకులిస్తే దారికొస్తాడు’ అని గంటసేపు నవ్వారు. ఒకడైతే తనలో తాను మాట్లాడుకునే మనిషిని అనుకరించి చూపించాడు. తమ్ముడు కిటికీ వైపు తిరిగిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది, నోరు మాత్రం పెగల్లేదు. దిగాక ‘వాళ్లు నన్నే అన్నారా అక్కా?’ అని అడిగితే ‘ఎవరూ ఏమీ అనలేదు, నువ్వే ఊహించుకున్నావు’ అన్నాను. అప్పటినుంచి నాకు సరిగా నిద్ర లేదు. అప్పుడే వాళ్లను నిలదీసి ఉండాల్సిందా? ఇకముందు ఇలాంటివి వింటే ఏం చేయాలి? అన్నట్టు, నాలుగు రోజులుగా వాడు రాత్రి మాత్ర వేసుకోవడం లేదు.
- ఒక సోదరి

జవాబు: మీ ప్రశ్నకు వస్తాను. అంతకన్నా ముందు, ‘అన్నట్టు’ అంటూ చివర్లో రాసిన మాట గురించి చెప్పాలి. తమ్ముడు మాత్ర మానేసిన సంగతి ఈ రోజే మీ డాక్టరుకు ఫోను చేసి చెప్పండి. ఈ జబ్బులో మందు ఆపిన మర్నాడే తేడా కనిపించకపోవచ్చు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు మామూలుగానే గడిచిపోతాయి. ‘మానేసినా బాగానే ఉన్నాను కదా’ అనే ధీమా వస్తుంది. చాలామందిలో జబ్బు తిరగబెట్టేది ఆ ధీమా కుదిరాకే. వేసుకోని మాత్రలన్నీ కలిపి ఒకేసారి ఇవ్వకండి. అన్నంలోనో మజ్జిగలోనో తెలియకుండా కలిపి పెట్టే పని కూడా వద్దు. అది బయటపడిన రోజు మందు మీద నమ్మకంతో పాటు మీ చేతి అన్నం మీద నమ్మకమూ పోతుంది. వాడుతున్నది క్లోజపిన్ అయితే మరీ జాగ్రత్త. రెండు రోజులకు మించి ఆపాక పాత మోతాదు ఒక్కసారిగా వేసుకుంటే రక్తపోటు పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. అప్పుడు డాక్టరు చిన్న మోతాదుతో మళ్లీ మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వెళ్తారు.

ఇక రైలు సంగతి. మీరు మౌనంగా కూర్చున్నందుకు నేను మిమ్మల్ని తప్పు పట్టను. అది పిరికితనం అని కూడా అనను. నలుగురు కుర్రాళ్లు, నడుస్తున్న రైలు, పక్కన ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న తమ్ముడు. మాటా మాటా పెరిగితే ఆ గొడవంతా అతని కళ్లముందే జరిగేది. తన వల్లే జరిగిందని అతను అనుకునేవాడు. నన్ను కలవరపెట్టింది మీరు దిగాక చెప్పిన జవాబు.

మీరు ప్రేమతోనే అలా అన్నారు. అయినా ఆ మాట ఎందుకు దెబ్బ తీస్తుందో చెబుతాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని, తనను చూసే నవ్వుతున్నారని అనిపించడం స్కిజోఫ్రీనియాలో తరచూ కనిపించే లక్షణం. మందుతో అది తగ్గుతుంది. మిగిలిన కాస్త అనుమానాన్ని ఎలా తేల్చుకోవాలో మానసిక వైద్యులం మేము నేర్పిస్తాం: ‘అలా అనిపించినప్పుడు వెంటనే నమ్మేయకు, నీకు నమ్మకమైన మనిషిని అడుగు’ అని. మీ తమ్ముడు ప్లాట్‌ఫారం మీద సరిగ్గా అదే చేశాడు. ఎంత చక్కగా కోలుకుంటున్నాడో ఆ ఒక్క ప్రశ్నలోనే తెలుస్తోంది. అతను విన్న మాటలు నిజం. మీరేమో అవి ఊహ అన్నారు. ఇప్పుడు అతనికి రెండే దారులు. తన చెవులనే అనుమానించాలి, అంటే జబ్బు తిరిగి వచ్చిందని, మందు పనిచేయడం లేదని అనుకోవాలి. లేదా అక్క ఏదో దాస్తోందని అనుకోవాలి. మాత్ర మానేయడానికి ఈ రెండింటిలో ఏదైనా కారణం కావచ్చు. ఆ కుర్రాళ్లు వెక్కిరించినవాళ్లలో తానూ ఒకడిననే సిగ్గు కూడా కావచ్చు. మాత్ర వేసుకున్న ప్రతిసారీ ఆ నవ్వు గుర్తొస్తుంటే వేసుకోబుద్ధి కాదు. కారణం ఏమిటో నేను ఇక్కడ కూర్చుని ఊహించలేను. అతన్నే అడగాలి.

కాబట్టి ఈ సాయంత్రం అతని దగ్గర కూర్చుని నిజం చెప్పండి. ‘ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. వాళ్లు ఆ మాటలు అన్నారు, నువ్వు సరిగ్గానే విన్నావు. నిన్ను మాత్రం అనలేదు, తమ స్నేహితుడిని అన్నారు. నువ్వెవరో కూడా వాళ్లకు తెలియదు. అలా అనడం తప్పు. నాకూ కోపం వచ్చింది, ఏం చేయాలో తోచలేదు.’ ఇంత చాలు. ఆ తర్వాత కాసేపు అతన్ని మాట్లాడనివ్వండి. మందు గురించి అదే ఊపులో నచ్చజెప్పడానికి దిగకండి.

అపరిచితులను నిలదీయాలా అన్నదానికి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గుంపుగా ఉన్నవాళ్లతో, తాగి ఉన్నవాళ్లతో, మీరు లేచి వెళ్లిపోయే వీలు లేని చోట వద్దు. స్నేహితుల ముందు నిలదీస్తే ఏ కుర్రాడూ తగ్గడు. తగ్గితే పరువు పోతుందని ఇంకో జోకు వేస్తాడు. పరిస్థితి అనుకూలంగా ఉండి, మీ మనసు ఊరుకోనివ్వకపోతే వాళ్లలో కాస్త నెమ్మదిగా ఉన్న ఒకరి వైపు చూసి, గొంతు పెంచకుండా ఒకే మాట అనండి: ‘బాబూ, మా ఇంట్లో ఆసుపత్రికి వెళ్లి బాగుపడినవాళ్లు ఉన్నారు, వినడానికి కష్టంగా ఉంది.’ క్షమాపణ కోసం చూడకుండా మీ పుస్తకంలోకో ఫోనులోకో తల తిప్పేయండి. అయితే తమ్ముడు పక్కన ఉన్నప్పుడు ఆ మాట కూడా అనకండి. ‘మా ఇంట్లో’ అనగానే నలుగురి చూపులూ అతని మీదకే వెళ్తాయి. అతని జబ్బు సంగతి ఎవరికి చెప్పాలో నిర్ణయించుకోవాల్సింది అతనే. రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాలాంటి వైద్యులను కట్టడి చేసింది. ఇంట్లోవాళ్లకు అలాంటి చట్టం లేకపోయినా ఆ మర్యాద ఉండాలి.

ఇంకో మాట. ‘పిచ్చి’ అనే ప్రతి మాటకూ బాధపడుతూ కూర్చుంటే మన భాషలో బతకలేం. క్రికెట్ పిచ్చి అంటాం, పెరట్లో పిచ్చిమొక్కలు పీకుతాం, అమాయకురాలిని ‘పిచ్చితల్లీ’ అని ముద్దుగా పిలుస్తాం. వాటిలో జబ్బూ లేదు, రోగీ లేడు. నాకు అభ్యంతరం ఆసుపత్రినీ, చికిత్సనూ, లక్షణాలనూ పట్టుకుని చేసే ఎగతాళి మీద. ఎర్రగడ్డ అనే పేరు హైదరాబాద్‌లో తిట్టుగా మారడం వల్ల అక్కడి మానసిక ఆరోగ్య సంస్థలో ఓపీ చీటీ రాయించుకోవడానికే జంకే కుటుంబాలున్నాయి. విశాఖపట్నం మానసిక ఆసుపత్రిదీ అదే కథ. షాకు జోకుల వల్ల జరిగే నష్టం ఇంకా ఎక్కువ. జనం ‘కరెంటు షాకు’ అనే దాన్ని మేము ఈసీటీ అంటాం. అది మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి చేసే చికిత్స. మత్తు లేకుండా చేయడాన్ని 2017 చట్టమే నిషేధించింది. తిండి మానేసి, చావే మేలనుకునే స్థితికి చేరినవాళ్లను అది ఒడ్డున పడేయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ పేరు చెప్పగానే బంధువులు భయపడి రోగిని ఇంటికి తీసుకెళ్లిపోవడమూ చూశాను. 2015-16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా చికిత్స అందనివారే. డాక్టర్ల కొరత, డబ్బు, దూరం వంటి కారణాలు చాలా ఉన్నాయి. సిగ్గు కూడా వాటిలో ఒకటి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో సుమారు 300 మందిలో ఒకరికి స్కిజోఫ్రీనియా ఉంటుంది. మీరు ఎక్కిన రైల్లో వెయ్యి మంది ఉంటే, ఆ లెక్కన మీ తమ్ముడిలాంటివాళ్లు మరో ఇద్దరైనా ఉండి ఉంటారు. ఆ కుర్రాళ్లకు ఇది తట్టి ఉండదు. నిరసన తెలిపితే ఇలాంటి అభిప్రాయాలు మారతాయా అని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాట్రిక్ కొరిగన్ బృందం చాలా ఏళ్లు పరిశీలించింది. 2012లో పలు దేశాల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పెద్దవాళ్లలో మార్పు ఎక్కువగా తెచ్చింది జబ్బు నుంచి కోలుకున్న మనిషితో ముఖాముఖి పరిచయం. మీ తమ్ముడు పనిచేసే దుకాణం యజమానికి అతని జబ్బు సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. తెలిసి కూడా లెక్కల పుస్తకం అతని చేతికి ఇస్తున్నారంటే, మీరు రైల్లో చేయలేకపోయానని కుమిలిపోతున్న పని అక్కడ రోజూ జరుగుతూనే ఉంది.

ఎవరైనా నేరుగా మీ తమ్ముడినే వేలెత్తి చూపి హేళన చేస్తే మాత్రం ఊరుకోనక్కర్లేదు. రైల్లో అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోను చేయండి. దీర్ఘకాలిక మానసిక జబ్బులు కూడా 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పరిధిలోకి వస్తాయి. కించపరచాలనే ఉద్దేశంతో పదిమంది చూసే చోట అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. మీరు విన్న జోకులు దాని కిందకు రావు, అవి మీ తమ్ముడిని ఉద్దేశించినవి కావు. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాల్లో వైకల్యాన్ని చూపే తీరు గురించి తీర్పు చెబుతూ, వైకల్యాన్ని అర్థం చేయించే హాస్యం వేరు, ఆ మనుషులను చిన్నబుచ్చే హాస్యం వేరు అంది. ఆ తేడా నాకు వార్డులో రోజూ కనిపిస్తుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లు తమ మందుల నిద్ర గురించి, పెరిగిన పొట్ట గురించి ఒకరితో ఒకరు చెప్పుకుని పగలబడి నవ్వుకుంటారు. ఆ నవ్వు వింటే నాకు సంతోషంగా ఉంటుంది.

మీ నిద్ర గురించి కూడా పట్టించుకోండి. ఐదేళ్లుగా ఒక మనిషిని కనిపెట్టుకుని ఉన్నారు. జరిగినదాన్నే తలుచుకుంటూ పది రోజులు నిద్ర లేకుండా గడపడం చిన్న విషయం కాదు. తమ్ముడికి నిజం చెప్పాక కొంత తేలిక పడవచ్చు. మరో వారం గడిచినా ఇలాగే ఉంటే మీ కోసం కూడా డాక్టరును కలవండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

తమ్ముడిని ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. నిద్ర తగ్గినా, తనలో తాను గొణుగుతున్నా, ఎవరో వెంటపడుతున్నారని అంటున్నా అపాయింట్‌మెంట్ రోజు వరకు ఆగకండి. చనిపోవాలని ఉందంటే ఆ క్షణమే తీసుకెళ్లండి. రోజూ మాత్ర మింగడమే కష్టంగా ఉంటే నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, అవి అతనికి సరిపోతాయేమో అడగండి. రైల్లో జరిగింది కూడా డాక్టరుకు చెప్పండి, వీలైతే తమ్ముడి నోటితోనే చెప్పించండి. మళ్లీ ఇద్దరూ రైలెక్కే ముందు, అలాంటి మాటలు వినబడితే నన్నేం చేయమంటావని అతన్నే అడగండి. వేరే బోగీలోకి వెళ్దామంటాడో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటానంటాడో, ‘నువ్వేమీ అనకు అక్కా, నా చెయ్యి పట్టుకో చాలు’ అంటాడో, అతను ఏది చెబితే అది చేయండి.