మెస్ బిల్లు ఎందుకు పెరిగింది? – క్యాంపస్ సేవల లెక్కలపై మీ ప్రశ్నలు

మెస్, క్యాంటీన్, గెస్ట్‌హౌస్, జిరాక్స్ కేంద్రం లాంటివి యూనివర్సిటీ గ్రాంటు మీద కాకుండా, వాడుకునేవాళ్లు కట్టే డబ్బుతోనే నడవాల్సిన సేవలు. ఈసారి ఉత్తరాలన్నీ వీటి మీదే వచ్చాయి. వాటిలోనూ సగం మెస్ గురించే.

ప్రశ్న: మాది డివైడింగ్ మెస్, అంటే నెల ఖర్చును తిన్న రోజులను బట్టి అందరికీ పంచే మెస్. ఏప్రిల్‌లో రోజుకు 130 రూపాయలు పడింది. మేలో హాస్టల్లో ఉండిపోయిన రీసెర్చ్ స్కాలర్లం తొంభై మందిమి. మాకు రోజుకు 172 వేశారు. కూరలు అవే, పప్పు అదే. ఎవరో తినేస్తున్నారని మా అనుమానం. – ఓ పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

అనుమానపడటంలో తప్పులేదు గానీ, మీరు పంపిన రెండు నెలల అబ్‌స్ట్రాక్టు (లెక్కల సారాంశం) చూస్తే మాత్రం ఎవరూ తిన్నట్టు లేదు. తేడా అంతా జీతాల దగ్గర వచ్చింది.

ఏప్రిల్ లెక్క చూడండి. నెల మొదట్లో స్టోరులో ఉన్న సరుకు 1,10,000, కొన్నది 8,40,000, నెలాఖరుకు మిగిలింది 95,000. అంటే వాడిన సరుకు 8,55,000. దీనికి గ్యాస్ 72,000, చిల్లర ఖర్చులు 15,000 కలిపి, గెస్ట్ కూపన్ల మీద వచ్చిన 18,000 తీసేస్తే 9,24,000. మూడు వందల మంది, ముప్ఫై రోజులు, అందులో మెస్ కట్టులు (ఊరెళ్లి తినని రోజులు) 600 పోగా 8,400 మెస్ రోజులు. భాగిస్తే తిండి ఖర్చు రోజుకు సరిగ్గా 110. పధ్నాలుగు మంది వర్కర్లకు తలా 12,000 చొప్పున 1,68,000. అది రోజుకు 20. మొత్తం 130.

మేలో తినేవాళ్లు తొంభై మంది, మెస్ కట్టులు పోగా మెస్ రోజులు 2,700. తిండి ఖర్చు 110 దగ్గరే ఉంది. కానీ అదే 1,68,000 జీతాన్ని 2,700తో భాగిస్తే రోజుకు 62 పైచిలుకు. అందుకే 172 అయింది.

వంటవాళ్ల జీతాన్ని బియ్యంతో కలిపి ఒకే కుప్ప పోసి పంచడమే ఇక్కడ తప్పు. బియ్యం తినేవాళ్లను బట్టి మారుతుంది, జీతం మారదు. రెండింటినీ విడదీయమని మీ చీఫ్ వార్డెన్‌కు రాసివ్వండి. ఏడాది జీతాలు 20,16,000. మూడు వందల మందికి పంచితే తలకు 6,720. దాన్ని పది నెలల్లో నెలకు 672 చొప్పున ఎస్టాబ్లిష్‌మెంట్ చార్జీగా, మెస్ కట్టుతో సంబంధం లేకుండా అందరి దగ్గరా వసూలు చేయాలి. అప్పుడు మేలో ఉండేవాళ్లకు తిండి ఖర్చే పడుతుంది.

దీనికి గొడవ తప్పదు, ముందే చెబుతున్నాం. నెలంతా తినేవాడికి 3,900 బదులు 3,972 వస్తుంది, పెద్ద తేడా కాదు. పది రోజులు ఊరెళ్లినవాడికి మాత్రం 2,600 బదులు 2,872 పడుతుంది. "తినని రోజులకు నేనెందుకు కట్టాలి?" అంటాడు. జూన్‌లో తాళం తీసిన రోజునే పొయ్యి వెలగాలంటే వర్కర్లను మేలో కూడా ఉంచుకోవాలి, ఆ మేలు అతనికీ అందుతోంది అన్నది జవాబు. అంతకంటే మంచి దారి ఇంకొకటుంది. సెలవుల్లో రెండు మూడు హాస్టళ్లకు కలిపి ఒకే మెస్ నడిపి, మిగతా వర్కర్లకు ఆ నెలలోనే వంతులవారీగా సెలవులివ్వడం. అప్పుడు గ్యాసూ కలిసొస్తుంది.

ప్రశ్న: మెస్ సెక్రటరీగా కొత్తగా బాధ్యత తీసుకున్నాను. స్టేట్ ఆడిట్ వాళ్లు "క్లోజింగ్ స్టాక్ అంచనాగా వేశారు" అని అభ్యంతరం రాశారు. నెలాఖరున నాలుగు బస్తాలు అటూ ఇటూ అయితే ఏమవుతుంది? – హనుమకొండ

ఏడాది మధ్యలో అయితే పెద్దగా ఏమీ కాదు. ఏప్రిల్‌లో అయితే ఫైనల్ ఇయర్ వాళ్ల డబ్బు పోతుంది. పై లెక్కలోనే 95,000 నిల్వను తీసేయడం మరిచిపోయారనుకోండి. రోజుకు 11 రూపాయల 31 పైసలు ఎక్కువ పడుతుంది, నెలంతా తిన్నవాడికి 339 రూపాయలు. వాడు జూన్‌లో ఉండడు. ఆ బియ్యం కొత్తగా చేరినవాళ్లు ఊరికే తింటారు.

నెల చివరి రాత్రి భోజనాలయ్యాక, మర్నాడు టిఫినుకు సరుకు ఇవ్వకముందే తూకం వేయండి. వార్డెన్ తరఫున ఒకరు, మీరు, మెస్ కమిటీతో సంబంధం లేని ఇద్దరు విద్యార్థులు. బస్తాలు లెక్కపెట్టి ఊరుకోకుండా, విప్పిన బస్తాను కాటా మీద పెట్టండి. నూనె డబ్బా సగం ఉంటే "సగం" అని రాయకండి, ఖాళీ డబ్బా బరువు తీసి కిలోల్లో రాయండి. గ్యాస్‌కు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే వాడాలి. నిండువి, వాడుకలో ఉన్నవి, ఖాళీవి విడివిడిగా రాయండి. ఇంటి సిలిండర్ ఒక్కటి కనబడినా అది వేరే కేసు. తూకమయ్యాక పేజీ కింద నలుగురూ సంతకాలు చేయాలి. కొట్టివేతలుంటే వాటి పక్కన కూడా.

లెక్క తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, పాలు, కూరగాయల బిల్లు. ముప్ఫయ్యో తేదీ దాకా తిన్నవాటి బిల్లు అయిదో తేదీకి వస్తుంది, దాన్ని వచ్చిన నెలలో రాసేస్తారు. తిన్న నెలలోనే, చెల్లించాల్సిన బాకీగా చూపాలి. రెండోది చేబదులు. పక్క మెస్‌లో నూనె అయిపోయిందని రెండు డబ్బాలు ఇస్తారు, వాళ్లు తర్వాత కందిపప్పు ఇస్తారు, ఏదీ పుస్తకంలోకి ఎక్కదు. ఆడిట్‌కు అది దొంగతనంలాగే కనిపిస్తుంది. చేబదులుకు ఇండెంటు పుస్తకంలోనే (స్టోరు నుంచి సరుకు తీసేటప్పుడు రాసేది) వెనక నాలుగు పేజీలు కేటాయించండి, చాలు.

ఇంకొక చిన్న పరీక్ష. ఒక వారం పాటు రోజూ వండే బియ్యం తూచి, తలకు సగటు తీయండి. మీ మెస్‌లో అది 375 గ్రాములు వచ్చిందనుకుంటే, 8,400 మెస్ రోజులకు 3,150 కిలోలు, అంటే 25 కిలోల బస్తాలు 126. రిజిస్టరులో 130 ఉంటే ఫరవాలేదు. 150 ఉంటే మాత్రం స్టోరు తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ముందు కనుక్కోండి.

ప్రశ్న: నేను శాకాహారిని. ఆదివారం చికెన్ ఖర్చు నా బిల్లులోనూ పడుతోంది. – తిరుపతి

పడకూడదు. చికెన్, చేప, గుడ్లు, వాటికి బదులుగా పెట్టే పనీరు, స్వీటు, ఇవన్నీ "స్పెషల్" పద్దు కింద విడిగా కొని, టోకెన్లు తీసుకున్నవాళ్ల మీదే వేయాలి. టోకెన్ శనివారం సాయంత్రంలోగా తీసుకోవాలన్న నియమం లేకపోతే ఎన్ని కిలోలు తేవాలో తెలియక మిగిలిపోతుంది. ఆ మిగిలింది మళ్లీ మామూలు పద్దులోకి, అంటే మీ మీదకే వస్తుంది.

ప్రశ్న: మా యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌కు జీఎస్టీ కట్టాలా? "విద్యాసంస్థ కాబట్టి మినహాయింపు" అని మా సెక్షన్‌లో ఒకరు, "టర్నోవరు 20 లక్షలు దాటలేదు" అని మరొకరు అంటున్నారు. – అకౌంట్స్ విభాగం ఉద్యోగి

ఇద్దరిదీ సగం సగం నిజం. విద్యాసంస్థ తన విద్యార్థులకు, అధ్యాపకులకు, సిబ్బందికి చేసే సేవలకు 2017 జూన్ 28 నాటి 12వ నంబరు నోటిఫికేషన్ కింద మినహాయింపు ఉంది. యూనివర్సిటీ తానే నడిపే మెస్ అందులోకి వస్తుంది. బయటి కాంట్రాక్టరు నడిపితే రాదు, 5 శాతం పడుతుంది. ఈ తేడాను 2018 జనవరి సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పారు.

గెస్ట్‌హౌస్‌లో దిగేది ఎవరు? పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు, సెమినార్లకు వచ్చిన బయటివాళ్లు. వాళ్లు విద్యార్థులూ కాదు, సిబ్బందీ కాదు. కాబట్టి ఆ అద్దెకు పన్ను ఉంది. వెయ్యి రూపాయల లోపు గదులకు ఒకప్పుడున్న మినహాయింపు 2022 జులై 18తో పోయి 12 శాతం వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 దాకా ఉన్న గదులకు 5 శాతం, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నును మినహాయించుకోవడం) లేకుండా.

ఇక 20 లక్షల సంగతి, అంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే పరిమితి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ పరిమితిని గెస్ట్‌హౌస్ ఒక్కదానికే చూడరు. ఒకే పాన్ మీద ఉన్న అన్ని రాబడులూ కలుపుతారు, మినహాయింపు ఉన్నవాటితో సహా. ఫీజులు, మెస్ కలిస్తే ఏ యూనివర్సిటీ అయినా 20 లక్షలు ఎప్పుడో దాటేసి ఉంటుంది. అన్నీ మినహాయింపు సేవలే అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. గెస్ట్‌హౌస్ గది ఒక్కటి బయటివాళ్లకు ఇచ్చినా, బ్యాంకు ఏటీఎంకు చోటిచ్చినా అక్కర్లేదనడం కుదరదు. పన్ను మాత్రం ఆ గది అద్దె మీదే, మెస్ మీద కాదు. బ్యాంకు, జిరాక్స్ షాపు, టీ కొట్టు కట్టే అద్దె మీద 18 శాతం.

గెస్ట్‌హౌస్ రిజిస్టరులో "ఏ పని మీద వచ్చారు" అన్న గడి పక్కనే "ఎవరు" అన్న గడి కూడా పెట్టండి. అధ్యాపకుడా, తల్లిదండ్రులా, బయటివారా అన్నది రశీదు రాసేటప్పుడే తేలిపోతుంది.

ప్రశ్న: క్యాంటీన్‌కు టెండరు పిలిస్తే ఒకరు సర్వీస్ చార్జీ (వర్కర్ల జీతాల మీద కాంట్రాక్టరు తీసుకునే కమీషన్) సున్నా శాతం కోట్ చేశారు. తక్కువకు ఇచ్చారు కదా అని ఖాయం చేయమంటున్నారు. – ఓ అసిస్టెంట్ రిజిస్ట్రార్

ఆ సున్నాకు డబ్బు ఎక్కడి నుంచో రావాలి. వర్కర్ల జీతంలోంచి, లేదా పీఎఫ్, ఈఎస్ఐలోంచి వస్తుంది. 12,000 జీతం మీద యజమాని వాటా పీఎఫ్ ఇతర చార్జీలతో కలిపి 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం. అంటే మనిషికి 1,950. పధ్నాలుగు మందికి నెలకు 27,300. కాంట్రాక్టరు అది ఎగ్గొడితే చట్టం ప్రధాన యజమానిని, అంటే యూనివర్సిటీనే అడుగుతుంది. గత నెల చలాను, అందులో మీ క్యాంటీన్ వర్కర్ల పేర్లున్న జాబితా జతచేయనిదే ఈ నెల బిల్లు పాస్ చేయబోమని టెండరు షరతుల్లోనే రాయండి. ఉత్త చలాను చూసి మోసపోవద్దు. ఇంకో చోట పనిచేసేవాళ్లకు కట్టిన చలానే తెచ్చి చూపించడం మామూలే.

కరెంటుకు, నీళ్లకు సబ్ మీటర్లు వేరుగా బిగించి, రీడింగును ఇద్దరూ సంతకం చేసిన పుస్తకంలో రాయాలి. ఆహార భద్రత లైసెన్సు కాంట్రాక్టరు పేరు మీద, మీ క్యాంటీన్ చిరునామాతో ఉండాలి. అన్నట్టు, మీరే నడిపే మెస్‌కూ ఇది వర్తిస్తుంది. 2006 చట్టంలో లాభం ఉన్నా లేకున్నా ఆహార వ్యాపారమే.

ప్రశ్న: మెస్‌లో ఏడాది చివర 80,000 మిగిలింది. జనరల్ ఫండ్‌కు జమ చేయమని పైనుంచి మాట వచ్చింది. – వార్డెన్, కర్నూలు

నోటిమాటగా వచ్చినదానికి డబ్బు కదపకండి, ఉత్తర్వు అడగండి. అది విద్యార్థుల బిల్లుల్లోంచి మిగిలిన సొమ్ము, జనరల్ ఫండ్‌కు దాని మీద హక్కు లేదన్నది మా అభిప్రాయం. దాన్ని పనిముట్ల నిధిగా, విడి బ్యాంకు ఖాతాలో పెట్టమని మెస్ కమిటీ తీర్మానం చేయించండి. 3,60,000 పెట్టి కొన్న గ్రైండరు, స్టీమ్ బాయిలర్ ఆరేళ్లు వస్తాయనుకుంటే నెలకు 5,000 పక్కన పెట్టాలి. మూడు వందల మందిలో తలకు 17 రూపాయల లోపే. ఇప్పుడు ఆ 17 వేయకపోతే, గ్రైండరు మోటారు కాలిన నెలలో ఖర్చంతా ఆ ఒక్క నెల బిల్లులో పడుతుంది. ఆ నెలలో తిన్నవాళ్లు మీ గది ముందు కూర్చుంటారు.