లైనక్స్ కోసం పాత ల్యాప్‌టాప్ కొంటున్నారా? జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని వెళ్లండి

15 వేల లోపు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొని లైనక్స్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నేర్చుకోవాలి, ఏ మోడల్ తీసుకోమంటారు అని ఒకరు అడిగారు. మోడల్ పేర్లు చెబుతాను గానీ, వాటికన్నా ముందు ఒక పని చెయ్యండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకుని అందులో లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్‌ని, పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అయ్యేలా ఎక్కించి జేబులో వేసుకోండి. షాపులో డబ్బులు తీసే ముందు ఆ పెన్‌డ్రైవ్‌తోనే ల్యాప్‌టాప్ ఆన్ చెయ్యండి. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, లోపల డిస్క్‌లో ఉన్నదేదీ చెరగదు. పది నిమిషాల పని. "వద్దు సార్, విండోస్ పోతుంది" అని షాపతను అడ్డం పడితే వాదించకండి, పక్క షాపుకి వెళ్లిపోండి.

ఇది తెలియకే 2019లో నేను చేతులు కాల్చుకున్నాను. తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన దగ్గర 9 వేలు పెట్టి కొన్నాను. "ఐ5 అండీ, గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది" అన్నాడు. ఇంటెల్ ప్రాసెసర్ ఐ5 అనగానే పొంగిపోయాను. ఇంటికొచ్చి అడుగున స్టిక్కర్ చూస్తే ఐ5-430ఎం. 2010 నాటి సరుకు! అప్పటినుంచి ఐ5 అనే మాట వింటే గీత తర్వాత నంబర్ ఎంత అని అడగడం అలవాటైంది. మూడంకెలే ఉంటే మొదటి తరం. నాలుగంకెలుంటే చాలావరకు మొదటి అంకె తరాన్ని చెబుతుంది: 5300 అంటే ఐదో తరం, 8350 అంటే ఎనిమిదో తరం. ఐ3, ఐ5, ఐ7 అన్న పేరుకన్నా ఈ అంకె ముఖ్యం.

అసలు కథ ఇన్‌స్టాల్ చేశాక మొదలైంది. వైఫై గుర్తే కనబడలేదు. ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, విడిగా దింపుకోవాలట. వైఫై రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ రావాలంటే నెట్ కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు తయారైంది. చివరికి ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది. ఈ చిట్కా గుర్తుంచుకోండి, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది. డ్రైవర్ పడ్డాక వైఫై పనిచేసింది గానీ, లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌కి అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ వైఫై మళ్లీ పోతుందేమోనని టెన్షనే. ఆ గ్రాఫిక్స్ కార్డయితే ఫ్యాన్ మోత తప్ప నాకు ఇచ్చిందేమీ లేదు. నేర్చుకోవడానికి కొనే మొదటి మెషీన్‌లో విడి గ్రాఫిక్స్ కార్డు లేకపోవడమే సుఖం.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని, పెన్‌డ్రైవ్ పట్టుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడ కంపెనీల లాట్లు దొరుకుతాయి. పెద్ద ఆఫీసులు మూడు నాలుగేళ్లు వాడి ఒకేసారి వందల్లో వదిలించుకునే లెనొవో థింక్‌ప్యాడ్లు, డెల్ లాటిట్యూడ్లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు అవి. ఇళ్లలో వాడే రకాలకన్నా ఇవెందుకు మేలంటే, వీటిలో ఎక్కువగా ఇంటెల్ వైఫై ఉంటుంది, దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే వచ్చేస్తుంది. స్క్రూలు విప్పి ర్యామ్, డిస్క్ మనమే మార్చుకోవచ్చు. బ్యాటరీ, కీబోర్డు లాంటి స్పేర్లు ఇంకా దొరుకుతున్నాయి. నేను 2015 మోడల్ థింక్‌ప్యాడ్ టీ450 తీసుకున్నాను, ఐ5-5300యూ ఉన్నది. అందులో బ్యాటరీలు రెండు, ఒకటి లోపల, ఒకటి బయట. లోపలిది చార్జింగ్‌తో ఉంటే మెషీన్ ఆపకుండానే బయటిది ఊడదీసి ఇంకోటి పెట్టొచ్చు. కరెంటు పోయిన రోజు దాని విలువ తెలుస్తుంది.

ఇప్పుడైతే మీకు ఇంకా మంచి సమయం. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం నుంచే. ఒకటీ అరా మినహాయింపులు పక్కన పెడితే ఆరు, ఏడు తరాల మెషీన్లు ఆ లెక్కలో పనికిరానివి, లైనక్స్‌కి మాత్రం భేషుగ్గా సరిపోతాయి. బేరం ఆడేటప్పుడు ఈ మాట వాడుకోండి. థింక్‌ప్యాడ్ టీ460, టీ470, ఎలైట్‌బుక్ 840 జీ3, లాటిట్యూడ్ 5480, వీటిలో ఏది బాగున్న పీస్ దొరికితే అది తీసుకోండి. టీ480 మీ బడ్జెట్‌లో వస్తే ఆలోచించకుండా తీసేసుకోండి, ఎనిమిదో తరం ఐ5 ఉన్నదైతే ప్రాసెసర్‌లో కోర్లు నాలుగు, ముందు మోడల్‌లో రెండే. పేరు చివర 'ఎస్' అక్షరం ఉందేమో చూసుకోండి. టీ460లో ర్యామ్‌కి రెండు స్లాట్లు, టీ460ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాట్ ఒక్కటే. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ర్యామ్ మొత్తం అతుకే. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కి బదులు వాడే వేగమైన డిస్క్) ఉంటే మింట్ హాయిగా నడుస్తుంది. అటక మీద నెట్‌బుక్ అనే పాత బుల్లి ల్యాప్‌టాప్ ఉంది, దాంతో సరిపెట్టుకోవచ్చా అంటారేమో. వాటిలో ఉండే 2008 నాటి ఆటమ్ ఎన్270 లాంటి ప్రాసెసర్లు పాత 32 బిట్ రకం. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లైనక్స్‌లో 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలరే లేదు. దాన్ని అటక మీదే ఉంచండి.

ఇక షాపులో ఆ పది నిమిషాలు. ముందు మెషీన్ ఆన్ అవుతుండగానే కీ నొక్కి బయాస్‌లోకి, అంటే మెషీన్ సొంత సెట్టింగుల తెరలోకి వెళ్లండి: థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1, డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10. పాస్‌వర్డ్ అడిగిందా, అది ఎంత చవకైనా వద్దు. ఆఫీసు వాళ్లు పెట్టిన తాళం అది. థింక్‌ప్యాడ్‌లో ఆ పాస్‌వర్డ్ విడి చిప్‌లో ఉంటుంది కాబట్టి మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ పీకి పెట్టినా పోదు. "తర్వాత తీయించి ఇస్తా సార్" అంటే తీయించాకే వస్తానని చెప్పండి.

తర్వాత పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఫోన్ హాట్‌స్పాట్‌కి వైఫై కలపండి. పాట పెట్టండి. మూత మూసి నిమిషం ఆగి తెరవండి, నిద్రలేచిందా లేదా చూడండి. తెల్ల పేజీ తెరిచి స్క్రీన్ మీద మచ్చలు వెతకండి. రిజల్యూషన్ 1366×768 అయితే కోడ్ రాసేటప్పుడు విసుగొస్తుంది, 1920×1080 ఉన్నది అడగండి. మింట్‌లో పవర్ స్టాటిస్టిక్స్ అని ఉంటుంది. బ్యాటరీ కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతుంది అని రెండు అంకెలు చూపిస్తుంది. సగానికన్నా తక్కువైతే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. డిస్క్స్ అనే యాప్‌లో స్మార్ట్ డేటా చూస్తే డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో తెలుస్తుంది. హార్డ్ డిస్క్ అయితే ఎలాగూ తీసేసి ఎస్ఎస్‌డీ వేస్తారు, దాని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

కీబోర్డు మాత్రం ప్రతి కీ కొట్టి చూడాలి. పోయిన నెల మా బాబాయి కొడుకుని తీసుకుని ఒక షాపుకి వెళ్లాను. మెషీన్ అద్దంలా ఉంది. వాడికి ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ అలవాటు, పెన్‌డ్రైవ్‌తో నడుస్తున్న మింట్‌లోనే ఆ లేఅవుట్ జత చేసుకుని అమ్మ అని కొట్టాడు. తెర మీద 'మమ' అని పడింది. ఇన్‌స్క్రిప్ట్‌లో డీ కీ ఉంది చూశారూ, షిఫ్ట్‌తో 'అ', ఉత్తగా నొక్కితే పొల్లు. అదొక్కటి చచ్చిపోతే అకారమూ పోతుంది, ఒత్తులూ పోతాయి. షాపతను తెలుగాయనే, తెర చూసి నవ్వాపుకోలేక "మమ అనిపించింది సార్, ఇంకోటి తీస్తాలెండి" అని లోపలికెళ్లి అదే లాట్‌లోంచి వేరే పీస్ తెచ్చాడు. అందులో అమ్మ సరిగ్గా పడింది, వైఫై కూడా వెంటనే కలిసింది. 13,500 ఇచ్చి తెచ్చుకున్నాం.