ఇంగ్లండ్ పల్లె చర్చిలో ఏది మధ్యయుగానిది, ఏది విక్టోరియా కాలానిది? ముందు నేల చూడండి

మీరు అడిగింది: యార్క్‌షైర్ పల్లెల్లో రాతి చర్చిలు చూస్తున్నారు, బయట బోర్డు మీద 13వ శతాబ్దం అని ఉంటుంది, లోపలికెళ్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఏది పాతదో తెలుసుకునేదెలా అని.

మీ అనుమానం నిజమేనండీ. గోడలు పాతవే కావచ్చు. లోపలి అమరిక మాత్రం చాలాచోట్ల 1840–1900 మధ్య చేసిందే. కమానులు చూసి కాలం తేల్చబోతే పొరబడతారు, ఎందుకంటే ఆ కాలపు ఆర్కిటెక్టులు 14వ శతాబ్దపు గోతిక్ (మొనదేలిన కమానుల శైలి) పనితనాన్ని పట్టుబట్టి అనుసరించారు. 1839లో పుట్టిన కేంబ్రిడ్జ్ కామ్డెన్ సొసైటీ అనే చర్చి కట్టడాల అధ్యయన సంఘం చర్చి అంటే ఇలాగే ఉండాలని వాళ్లకు నూరిపోసింది. అందుకే పైకి చూడకుండా నేల దగ్గర మొదలుపెట్టండి.

జనం కూర్చునే హాలు నడవలో పలకలు సాదాగా ఎరుపు, నలుపు రంగుల్లో ఉండి, బలిపీఠం వైపు పోయేకొద్దీ బొమ్మలు దట్టమవుతుంటే అది విక్టోరియా పనే. మోకాళ్ల మీద కూర్చుని ఒక్క పలకను దగ్గరగా చూడండి. ఎక్కువగా 6 అంగుళాల చదరం, అంచులు కత్తితో కోసినట్టు, మధ్య సందు సన్నగా, పక్క పలకకూ దీనికీ తేడా ఉండదు. ఆ బొమ్మ పైన వేసిన రంగు కాదు. పచ్చి మట్టిలో అచ్చు నొక్కి, పడిన గుంటలో వేరే రంగు మట్టిని పలుచగా కలిపి పోసి, ఆరాక పైభాగం సమంగా గీకి కాల్చేవారు. స్టోక్-ఆన్-ట్రెంట్‌లో మింటన్ కార్ఖానా ఈ పనికి పేరు మోసింది. కాళ్లకింద ఎంత నలిగినా బొమ్మ ఒకపట్టాన పోదు. మధ్యయుగం వాళ్లదీ ఇదే పద్ధతి, కానీ వాళ్ల పలకలు వంకరటింకరగా, మెరుపు పోయి, సందులు వెడల్పుగా ఉంటాయి.

ఈ పలకలకు అసలు శత్రువు రబ్బరు అడుగున్న తివాచీ. నేలలోని చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి చవుడు పడుతుంది, ఉప్పు పేరుకుని పైపొర పెచ్చులుగా లేస్తుంది. పరవాల్సి వస్తే గాలి ఆడే నేత చాపే పరవాలి.

తర్వాత మెట్లు లెక్కపెట్టండి. హాలు నుంచి బలిపీఠం వరకు రెండు మూడు చోట్ల నేల పైకి లేస్తుంది. బలిపీఠం పక్కన దక్షిణపు గోడలో చర్చి గురువు పూజ పాత్రలు కడిగే చిన్న రాతి గూడు ఉంటే, అది నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడండి. మోకాలి ఎత్తుకు దిగిపోయి కనిపిస్తే, గూడు పాతది, కింది నేలను తర్వాత పెంచారన్నమాట. నాకు ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

బెంచీలు పసుపు గోధుమ రంగులో, చారలు స్పష్టంగా ఉన్న పిచ్ పైన్ అయితే అది అమెరికా దక్షిణాది నుంచి ఓడల్లో వచ్చిన కలప. అంతకుముందు తలుపులున్న పెట్టెల్లాంటి సీట్లుండేవి, వాటిని కుటుంబాలు అద్దెకు తీసుకునేవి. వాటిని పీకేసి ఈ బెంచీలు వేశారు. వాకిట్లోనో లోపలి గదిలోనో ఫలానా ఏడాది ఇన్ని సీట్లు పెరిగాయి, ఇన్ని ఉచితం అని రాసిన పలక వేలాడుతుంటే, చర్చిల పనులకు సాయం చేసే ఇన్‌కార్పొరేటెడ్ చర్చ్ బిల్డింగ్ సొసైటీ డబ్బిచ్చిందని అర్థం. తేదీ అక్కడే దొరికిపోతుంది. బెంచీల కింది చెక్క అరుగు తొక్కి చూడండి, మెత్తగా దిగితే కింద దూలాలు పుచ్చాయి. బయటి గోడ అడుగున గాలి రంధ్రాలను మట్టి కప్పేయడం దీనికి మామూలు కారణం.

పడమటి గ్యాలరీలో వాయిద్యాలతో పాడే ఊరి బృందాన్ని దించేసి, పాటగాళ్లను బలిపీఠం ముందుకు తెచ్చి, ఆర్గన్‌ను ఎక్కువగా ఉత్తరం పక్క గదిలో ఇరికించింది కూడా ఈ కాలంలోనే.

గోడలకు గార లేకుండా గరుకు రాళ్లు బయటపడి ఉంటే అది పాతదనం కాదు, నష్టం. మధ్యయుగపు చర్చి లోపల గార, దానిమీద రంగుల బొమ్మలు ఉండేవి. రాయి కనపడటమే నిజాయితీ అని మరమ్మతు చేసినవాళ్లు గార చెక్కించేశారు, దాంతో బొమ్మలూ పోయాయి. ఈ పనులకు ఎదురుతిరిగే డిజైనర్, రచయిత విలియమ్ మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు. రాళ్ల సందుల్లో సిమెంటు నింపినచోట నష్టం ఇంకా సాగుతోంది. చెమ్మ సున్నం గుండా బయటికి పోవాల్సింది, దారిలేక మెత్తటి రాతిలోంచి పోతుంది, రాయి పొడిగా రాలుతుంది.

రంగు అద్దాల్లో ముఖాలు తెల్లబోయి కళ్లూ ముక్కూ చెరిగిపోయి ఉంటే 1860, 70ల నాటివి కావచ్చు. అప్పట్లో కొందరు రంగులో బోరాక్స్ కలిపారు, అది నిలవలేదు. వాటిని తడిగుడ్డతో ఎవరూ తుడవకూడదు. కింది మూలలో చిన్న గోధుమ వెన్నుల కట్ట కనిపిస్తే అది రంగు అద్దాల కళాకారుడు చార్లెస్ కెంప్ పని.

మీ దగ్గర్లోనే మంచి కొలబద్దలున్నాయి. బాల్డర్స్‌బీ సెయింట్ జేమ్స్‌లో ఆర్కిటెక్టు విలియమ్ బటర్‌ఫీల్డ్ కట్టిన చర్చి (1857) పూర్తిగా ఆ కాలపుదే, బడి, ఇళ్లు కూడా ఆయనవే. బయట రాయి, లోపల ఇటుక. రిపన్ దగ్గర స్టడ్లీ రాయల్‌లో మరో ఆర్కిటెక్టు విలియమ్ బర్జెస్ చర్చి (1871–78) డబ్బుకు వెనకాడకుండా కట్టింది. ముందు ఈ రెండూ చూసి కన్ను అలవాటు చేసుకోండి, తర్వాత మీ ఊరి చర్చికి వెళ్లండి. అది చర్చ్ బిల్డింగ్ సొసైటీ డబ్బుతో మారినదైతే, మార్పుకు ముందూ తర్వాతా నక్షాలు లండన్‌లోని లాంబెత్ ప్యాలెస్ లైబ్రరీలో ఉండే అవకాశం ఎక్కువ. ఊరి పేరుతో వెతకండి.