కొత్త విండోస్ పక్కన పాత విండోస్

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. పర్లాకిమిడిలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. శుభలేఖలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా వేస్తాం. స్క్రీన్ ప్రింటింగ్ కోసం ట్రేసింగ్ పేపర్ మీద పాజిటివ్ తీసే పాత లేజర్ ప్రింటర్‌కి విండోస్ 7 వరకే, అదీ 32 బిట్‌కే డ్రైవర్ ఉంది. పాత కంప్యూటర్ పాడైపోయింది. కొత్తగా కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ఉంది, ర్యామ్ 4 జీబీ. 10 పోకుండా 7 కూడా వేసుకోవచ్చా? మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడ్డాయి. టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: వేసుకోవచ్చమ్మా. కానీ 10 ఉన్న డిస్కు మీద మాత్రం వేయకండి.

ఆ తప్పు నేనే చేశాను. నాలుగేళ్ల కిందట పాతపట్నంలో తెలిసినవాళ్ల ప్రెస్సులో, 10 ఉన్న డిస్కులోనే కొంత చోటు ఖాళీ చేసి 7 వేశాను. 7 చక్కగా వచ్చింది. 10 ఎంచుకుంటే మాత్రం నల్లటి తెర, దాని మీద డిజిటల్ సంతకం సరిచూడలేకపోయామని ఎర్రర్. పొద్దున్నే కాశీనగర్ పెళ్లివారు కార్డుల కోసం వస్తారు. రాత్రి రెండయింది. ప్రెస్ ఆయన మంచినీళ్లు కూడా ముట్టకుండా నా పక్కనే కూర్చున్నారు.

జరిగిందేమిటంటే, కంప్యూటర్ ఆన్ కాగానే, విండోస్ కన్నా ముందు లేచి దాన్ని లేపేది బూట్ మేనేజర్. 7 ఎక్కేటప్పుడు తన బూట్ మేనేజర్‌ని అక్కడ పెట్టేస్తుంది. 2009 నాటి ఆ మేనేజర్‌కి, 2015లో వచ్చిన 10 సంతకం తెలియదు. పాతది ముందు, కొత్తది తర్వాత వేయాలని మెకానిక్‌లు చెప్పేది అందుకే. ఫైళ్లేమీ పోలేదు, తలుపు మాత్రమే మూసుకుపోయింది.

విండోస్ 10 ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ నొక్కి ఉంచి ఎఫ్10 కొడితే కమాండ్ ప్రాంప్ట్ వచ్చింది. అక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి, రోజూ సి అనుకునేది డి అయి కూర్చుంటుంది. పైగా విండోస్ ఫోల్డర్ రెండు చోట్లా ఉంటుంది. అందుకని యూజర్స్ ఫోల్డర్‌లో పేర్లు చూసి 10 ఎక్కడుందో పట్టుకున్నాను. బీసీడీబూట్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ డ్రైవ్ అక్షరం, కోలన్, వెనక్కి వాలిన గీత, విండోస్ అని రాసి ఎంటర్ నొక్కాను. బూట్ ఫైళ్లు తయారయ్యాయని ఒక్క లైన్ వచ్చింది. ఆ లైన్ చూశాకే ఆయన నీళ్లు తాగారు.

మీకు ఆ అవస్థ వద్దు. 120 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి విడిగా తెచ్చుకోండి. 32 బిట్ 7కి 16 జీబీ చాలు, మిగతాది మీ ఫైళ్లకి. మెషీన్ ఆపి, ప్లగ్ పీకి, 10 ఉన్న డిస్కు కేబుల్ ఊడదీయండి. కొత్తది ఒక్కటే తగిలించి 7 వేయండి. అయ్యాక రెండూ తగిలించండి. ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 గానీ ఎఫ్8 గానీ (మదర్‌బోర్డును బట్టి) నొక్కితే ఏ డిస్కు కావాలో అడుగుతుంది. ఇలాగైతే ఒకదాని బూట్ మేనేజర్ జోలికి ఇంకొకటి పోదు. 10 లోపలే 7ని నడిపే వర్చువల్ మెషీన్ అనే దారి కూడా ఉంది గానీ, 4 జీబీలో రెండు విండోస్‌లూ ఒకేసారి నడవాలంటే నత్తనడకే.

10లో ఫాస్ట్ స్టార్టప్ తప్పకుండా తీసేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది. అది ఉంటే షట్‌డౌన్ చేసినా 10 సగం నిద్రలోనే ఉంటుంది. ఈలోగా 7లోంచి ఆ డిస్కులో ఏదైనా సేవ్ చేస్తే, 10 లేచాక ఫైళ్లు పాడవుతాయి. డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల కీ ముందే కాగితం మీద రాసుకోండి.

బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ ఆపి, పాత పద్ధతిలో బూట్ కానిచ్చే సీఎస్‌ఎం లేదా లెగసీ ఆన్ చేయాలి. 32 బిట్ 7 ఆ పాత పద్ధతిలోనే బూట్ అవుతుంది. 10 కొత్త పద్ధతిలో (యూఈఎఫ్‌ఐ) ఎక్కి ఉంటే, రెండూ పనిచేసేలా పెట్టండి. సీఎస్‌ఎం అసలు లేని బోర్డులూ ఉన్నాయి. కాబట్టి ఎస్‌ఎస్‌డీ కొనకముందే చూసుకోండి. 7 ఇన్‌స్టాలర్‌కి యూఎస్‌బీ 3 తెలియదు, నీలం పోర్టులో పెట్టిన కీబోర్డు పలకదు. నలుపు పోర్టులో పెట్టండి.

7కి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. అందులో ఇంటర్నెట్ వద్దు, నెట్ కేబుల్ తీసేయండి. కస్టమర్లు పంపే ఫోటోలు 10లోనే దించుకోండి.

ఇంకొక్క మాట. పాత కంప్యూటర్ పాడైనా దాని హార్డ్ డిస్కు బతికే ఉండొచ్చు. దాన్ని కొత్త మెషీన్‌కి తగిలించి, పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఫాంట్లు కూడా కాపీ చేసుకోండి. తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి వాడుతున్నారనుకుంటాను. పాత ఫైళ్లు యూనికోడ్‌వి కావు. ఆ ఫాంటు లేకపోతే శుభలేఖ పైన ‘శ్రీరస్తు’ ఉండాల్సిన చోట గజిబిజి గుర్తులు కనిపిస్తాయి. ప్రింటర్ డ్రైవర్ సీడీ కూడా ఇవాళే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేయండి. గీతలు పడితే మళ్లీ దొరకదు. బోర్డు మోడల్ నంబరు రాసి పంపితే సీఎస్‌ఎం సంగతి చూసి చెబుతాను.